విండోస్ 10కి గడువైపోయింది సరే, మన పాత సావనీర్ల సంగతేంటి?



ఈ వారం కొత్త ఫోన్ల గురించి రాద్దామనుకున్నాను. కానీ మంగళవారం నుంచి నాకొచ్చిన ఫోన్లన్నీ ఒకటే విషయం మీద. రిటైరైన మాస్టారొకరు పొద్దున్నే చేసి, "ఏటి బాబూ, నా కంప్యూటరు పనైపోయిందట కదా, స్క్రీను మీద రాసొచ్చింది" అన్నారు. ఇంకో అబ్బాయి ఏకంగా పాత లాప్‌టాప్ ఎక్స్ఛేంజిలో ఎంతకి పోతుందో కనుక్కుంటున్నాడు. మన సంఘం ఆఫీసు కంప్యూటరు కూడా ఇదే కోవలోది కాబట్టి, కార్యవర్గం కూర్చునే లోపు కాస్త వివరంగా రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. 2015 జూలై 29న విడుదలైన సరుకు అది. పదేళ్లు దాటింది. ఆ ఏడాదే కంపెనీ సభలో వాళ్ల ఉద్యోగి ఒకాయన ఇదే ఆఖరి విండోస్ అని కూడా అన్నాడు. 2021 అక్టోబర్లో విండోస్ 11 వచ్చేసింది. కంపెనీల మాటకి ఆరేళ్ల ఆయువుంటే గొప్పే.

ముందు భయం తీర్చేస్తాను. మీ కంప్యూటరు రేపు ఆగిపోదు. నిన్నటిలాగే ఆన్ అవుతుంది, కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, మనవడి హాల్ టికెట్ ప్రింటు తీసుకోవచ్చు. ఆగేది నెలనెలా వచ్చే మరమ్మతు మాత్రమే. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కన్నాలుంటాయి. అవి బయటపడినప్పుడల్లా కంపెనీ పూడ్చి, ప్రతి నెలా రెండో మంగళవారం ఆ పూడికని మనకి పంపుతుంది. దాన్నే ప్యాచ్ అంటారు. ఇకమీదట విండోస్ 11కి పంపుతారు, 10కి పంపరు. ఇందులో తిరకాసు ఏమిటంటే, 10కీ 11కీ లోపలి సరుకు చాలావరకు ఒకటే. 11లో ఫలానా చోట కన్నం పూడ్చామని కంపెనీ ప్రకటించగానే, 10లో ఆ కన్నం ఎక్కడుందో దొంగకి చీటీ రాసి ఇచ్చినట్టే అవుతుంది. అందుకే ఒక్క రోజులో ఏమీ కాకపోయినా, నెలలు గడిచే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

ఊరికే బెదిరిస్తున్నానని అనుకోకండి. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా? ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కన్నానికి ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు, వేసుకోనివాళ్లూ, మద్దతు లేని పాత ఎక్స్‌పీ మీద ఉన్నవాళ్లూ ఇరుక్కున్నారు. ఎక్స్‌పీకి అత్యవసరంగా ప్యాచ్ ఇచ్చారు గానీ, అప్పటికే దాడి మొదలైపోయింది.

అయితే విండోస్ 11 వేసుకుంటే పోలేదా అంటారు. ఉచితమే. కానీ అందరికీ ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతది అయ్యుండాలి. నాకు ఈ గీత దగ్గరే కోపం. మన కుర్రాళ్లలో సగం మంది చదువుకుంటున్నది బెంగళూరు, హైదరాబాదు కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌ల మీద. ఆరో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. శుభ్రంగా పరిగెడుతున్నాయి. చిప్పు వల్ల భద్రత పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ భద్రత లేని మనిషికి ఉన్న మరమ్మతు కూడా ఆపేస్తే, అతనికి భద్రత పెరిగినట్టా తగ్గినట్టా? కొత్త మిషను కొనలేనివాడి ఇంటికే గొళ్లెం తీసేశారు.

కంపెనీ ఒక దారి మాత్రం పెట్టింది. ఇంకో ఏడాదిపాటు, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, అదనపు ప్యాచ్‌లు ఇస్తుంది. దానికి మూడు తోవలు. 30 డాలర్లో, మన రూపాయల్లో దానికి సమానమో కట్టడం ఒకటి. మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు 1000 ఉంటే ఇవ్వడం ఇంకోటి. మూడోది, మన సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టుకోవడం. దీనికి డబ్బు అక్కర్లేదు. దేనికైనా మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అవ్వాల్సిందే. యూరప్ వాళ్లకి మాత్రం బ్యాకప్ షరతు లేకుండా ఉచితంగా ఇస్తున్నారు. ఎందుకు? అక్కడి వినియోగదారుల సంఘాలు గొడవ పెట్టాయి కాబట్టి. మన దగ్గర అడిగే నాథుడు లేడు. ఇన్ని కోట్ల మంది వాడుకరులున్న దేశం, సంఘాలకి కొదవ లేని దేశం, ఒక్క ఉత్తరం ముక్క గట్టిగా రాయలేకపోయింది.

ఈ సందర్భంలో ఒకరిద్దరు గ్రూపులో "సత్య నాదెళ్ల మనవాడే కదా" అన్నారు. మనవాడే. హైదరాబాదులో పుట్టాడు, మణిపాల్‌లో ఇంజినీరింగ్ చదివాడు, 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీ పెద్ద. ఆ రోజు మనం స్వీట్లు పంచుకున్నాం, తప్పేం లేదు. కానీ ఆయన జీతమిచ్చేది వాటాదారులు. పెళ్లికి పిలిస్తే రావడానికి ఆయనేం మన మేనమామ కాదు. ఒక తెలుగువాడు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఆ కుర్చీ తెలుగు మాట్లాడదు.

సరే, చేయాల్సింది చెబుతాను. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరవండి. వెర్షన్ 22హెచ్2 ఉంటే అక్కడే నమోదు లింకు కనిపిస్తుంది. ఉచిత తోవ ఎంచుకోండి. ఒకే అకౌంటు మీద పది కంప్యూటర్ల దాకా నడుస్తుంది, కాబట్టి ఇంట్లో ఒకరు చేస్తే మిగతావాళ్లకీ సరిపోతుంది. ఇంకో మాట. మీ విండోస్ గడువైపోయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని స్క్రీను మీద వస్తే అది దొంగతనమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు. అన్నట్టు, ఆఫీస్ 2016కీ 2019కీ కూడా అదే రోజుతో మద్దతు ఆగింది. మెయిల్లో వచ్చిన తెలియని వర్డ్ ఫైళ్లు తెరిచే అలవాటు మానుకోండి.

బ్రౌజింగు, యూట్యూబు, చదువు తప్ప వేరే పని లేనివాళ్లకి లినక్స్ మింట్ మంచిది. ఉచితం, పాత మిషన్ల మీద హాయిగా నడుస్తుంది, తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. మా ఇంట్లో ఒకటి దాని మీదే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. సంఘం ఆఫీసు కంప్యూటరు ఏడో తరంది. 11 ఎక్కదు. ఊళ్లో ఒక షాపుకి కొటేషన్ అడిగితే, కొత్తది కొనండి, పాతది తూకానికి తీసుకుంటాం అన్నారు. కార్యవర్గంలో కొందరు ఒప్పేసుకున్నారు కూడా. అందులో ఏమేం ఉన్నాయో ఎవరైనా చూశారా? నేను పోయిన ఆదివారం కూర్చుని చూశాను. ఉగాది సావనీర్లు, సభ్యుల జాబితాలు, వధూవరుల పరిచయ పుస్తకాలు, కళ్యాణ మండపం చందాదారుల పేర్లు. దాదాపు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి.

డీటీపీ తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఫోన్లో మనం కొట్టే తెలుగు యూనికోడ్. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉంటుంది. 1991లోనే తెలుగుకి అందులో చోటిచ్చారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే ఫాంటుతో దాన్ని చూపించింది. కానీ అచ్చు పనివాళ్లు అటు రాలేదు. వాళ్లు వాడే పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. ఆఖరి వెర్షన్ 7.0 కూడా 2001దే, తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. అను లాంటి ఫాంట్లలో జరిగేదేమిటంటే, ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు పెడతారు. తలకట్టు ఒక గూట్లో, ఒత్తు ఇంకో గూట్లో. కంప్యూటరుకి అది తెలుగని తెలియదు, ఏవో ఇంగ్లీషు గుర్తులనే అనుకుంటుంది. ఫాంటు ఉన్నంతసేపు అందంగా ఉంటుంది. ఫాంటు పోతే పిచ్చి గీతలు. పేరు పెట్టి వెతికితే దొరకదు. ఫోన్‌కి పంపితే చదవలేం.

అంటే ఆ షాపువాడు పాత డబ్బా పట్టుకుపోయి కొత్తది పెడితే, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంటాయి, మనం మాత్రం వాటిని తెరవలేం. లినక్స్‌కి మారినా అంతే, పేజ్‌మేకర్ అక్కడ నమ్మకంగా నడవదు. కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను: ఈ ఏడాది కొత్త కంప్యూటరు కొనొద్దు. పాతదాన్ని ఉచిత నమోదు చేసి 2026 అక్టోబర్ దాకా నడుపుదాం. నెట్టు అవసరమైనప్పుడే పెడదాం. కొత్తదానికి అనుకున్న డబ్బుతో ఆ ఫైళ్లన్నీ ముందు పీడీఎఫ్‌లుగా తీయిద్దాం, తర్వాత యూనికోడ్‌లోకి మార్పిద్దాం. పీడీఎఫ్ ఒక్కటే చాలదు. చూడ్డానికి పనికొస్తుంది గానీ, పేరు వెతకడానికి పనికిరాదు.

పాత సావనీర్లు ఎవరు చదువుతారండీ అని కోశాధికారి గారు అన్నారు. వారి మాట కొట్టిపారేయను, వసూళ్ల కష్టం వారికే తెలుసు, కార్తీక వనభోజనాలు కూడా నెత్తి మీదున్నాయి. కానీ నిరుడు విశాఖ నుంచి ఒక కుటుంబం వాళ్ల తాతగారి ఊరూ గోత్రమూ అడిగితే ఏం జరిగింది? ముగ్గురం రెండు సాయంత్రాలు కాగితం పుస్తకాలు తిరగేస్తే, 2004 సంచికలో ఒక మూల దొరికింది. యూనికోడ్‌లో ఉంటే అర నిమిషం పని. మన సంగతి కొంచెం వేరు కూడా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటొచ్చింది. మన తాతలు గడప దాటలేదు, రాష్ట్రమే మారింది. అప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి, ఏ వీధిలో ఏ పనిలో అన్నది ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ కుదురుగా దొరకదు. ఉన్నదల్లా మన సావనీర్లలో ఉంది, అదీ సగం ప్రకటనల మధ్యన.

మార్చే పనిలో చిక్కు కూడా దాచను. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేను నాలుగు పేజీలు మార్చి చూశాను. చాలావరకు బాగానే వచ్చింది, ఒత్తుల దగ్గర మాత్రం తడబడింది. ఇంటిపేర్లు కొన్ని గుర్తుపట్టలేనట్టు తయారయ్యాయి. వాక్యంలో తప్పు వస్తే సందర్భాన్ని బట్టి దిద్దుకోవచ్చు, ఇంటిపేరు తప్పుపోతే మనుషులే మారిపోతారు. అందుకని ప్రతి పేజీ అసలుతో పోల్చి చూడాలి. దిద్దేవాళ్లెవరు? మన పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదివారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, లిపి దగ్గర కూడబలుక్కుంటారు. దిద్దగలవాళ్లు అరవై దాటినవాళ్లు, వాళ్లలోనూ ఎవరింట్లో పుట్టినవారు ఎవరో గుర్తున్నవాళ్లు పట్టుమని పదిమంది లేరు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏడాది నాకు అందుకే ముఖ్యం. డబ్బుంటే మిషను ఎప్పుడైనా కొనొచ్చు.

పని ఇలా పంచుకుందామని నా సూచన. పెద్దలు కళ్లద్దాలు తెచ్చుకుని కాగితం చదవాలి, పక్కన ఒక కుర్రాడో అమ్మాయో స్క్రీను మీద దిద్దాలి. వారానికి ఒక ఆదివారం, రెండు గంటలు. టీ ఖర్చు నాది. పిల్లలకి ఒత్తులు కూడా వచ్చేస్తాయేమో, అది వేరే లాభం. కార్యవర్గం ఒప్పుకుంటే దీపావళి అయిన మరుసటి ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు.

కంప్యూటర్లో 2003, 2006 సంచికల ఫైళ్లు లేవు. ఆ రెండేళ్లూ అచ్చు ఎక్కడ వేయించారో పాత కార్యదర్శి గారికి కూడా గుర్తు లేదు. ఎవరింట్లోనైనా ఆ పుస్తకాలు ఉంటే దయచేసి చెప్పండి. చెదలు తిన్నా, అట్ట లేకపోయినా ఫర్వాలేదు. ఫోటోలు తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తాను.