బొంత కుట్టడమూ లెక్కల పాఠమే!

పాత చీరలతో అమ్మమ్మ కుట్టిన బొంత మీ ఇంట్లో ఉందా? ఉంటే ఒకసారి పరచి చూడండి. నేను చూసిన బొంతల్లో ముక్కలు చాలావరకు నలుపలకలే. ముక్కోణాలు అరుదు. ఎందుకని?

మా తరగతి గోడకు తగిలించడానికి పిల్లలతో కలిసి ఒక చిన్న బొంత కుట్టేదాకా నాకూ ఈ ప్రశ్న తట్టలేదు. మాది భద్రాచలం దగ్గర అడవి అంచు ఊరు. ఇక్కడి కోయవారికి పడిగెలుంటాయి. అవి ముక్కోణపు గుడ్డలు. వాటి మీది బొమ్మలు చూపుతూ డోలీలు పూర్వుల కథలు పాడతారు. సమ్మక్క సారలమ్మ కథ పాడిన మణుగూరు మండలం కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పడిగె పూజలందుకునే వస్తువు, గోడకు అలంకారం కాదు. అందుకని మేము ముక్కోణాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్నాం.

మొదట ముక్కోణాలను విడివిడిగా కత్తిరించాం. కుట్టబోతే అంచులు సాగి, అలలు తేలాయి. కారణం నేతలోనే ఉంది. పడుగు వెంట లాగినా, పేక వెంట లాగినా గుడ్డ పెద్దగా సాగదు, దారాలు ఆపుతాయి. ఐమూలగా, అంటే మీ లెక్కల పుస్తకం భాషలో కర్ణం వెంట, లాగితే నేతలోని చిన్నచిన్న గళ్లు పక్కకు వాలిపోతాయి. జేబురుమాలు తీసి మీరే లాగి చూడండి! దర్జీలు ‘క్రాస్’ అనేది దీన్నే.

అప్పుడు కొత్త పద్ధతి పట్టాం. రెండు రంగుల చదరాలను ఒకదానిపై ఒకటి పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకు రెండువైపులా పావు అంగుళం దూరంలో కుట్టాలి. ఆ తరువాతే గీత మీద కత్తిరించాలి. విప్పితే రెండేసి ముక్కోణాలున్న చదరాలు రెండు! కుట్టు ముందు, కోత తరువాత. ఇక అంచు సాగేదెక్కడ?

ఇక్కడే నా తెలివి తెల్లవారింది. కుట్టాక ఒక్కో చదరం 4 అంగుళాలు రావాలి. అటూ ఇటూ పావు చొప్పున కలిపి 4½ అంగుళాలకు కత్తిరించమన్నాను. ఆరు చదరాల వరుస 24 అంగుళాలు రావలసింది, రెండంగుళాలకు పైగా తగ్గింది! తప్పు పట్టింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఐమూల కుట్టు తినేది పావు అంగుళమే అయినా భుజం మీద అది √2 రెట్లవుతుంది. 0.25 × 1.414 అంటే దాదాపు 0.35. ఆరింటికి 2.1! కనుక చదరం 4⅞ అంగుళాలు ఉండాలి.

ఏళ్ల తరబడి √2ను నల్లబల్ల మీద రాస్తున్న నాకు అది గుడ్డలో కనబడలేదు. కుట్టుపని ఆడపిల్లలకనీ, లెక్కలు నల్లబల్లకనీ విడదీయడం తప్పని నా అభిప్రాయం. వారానికొక లెక్కల పీరియడు కత్తెర, సూది, టేపుతో జరగాలి, మగపిల్లలతో సహా. “పరీక్షలో గుడ్డపేలికలు ఇవ్వరు కదా!” అన్నారు తోటి ఉపాధ్యాయుడొకరు. నిజమే, ఇవ్వరు. కానీ నోటుబుక్కులో తప్పు ఎర్రసిరా పడేదాకా తెలియదు. గుడ్డలో తప్పును టేపే చెప్పేస్తుంది, మాష్టారి తప్పయినా సరే.

ఆ బొంతను విప్పలేదు. చుట్టూ ఎర్రగుడ్డ పట్టీ వేసి గోడకు తగిలించాం. పట్టీ ఎంత వెడల్పుండాలో లెక్కకట్టి, కత్తిరించి, కుట్టింది మగపిల్లలు.