ఇంటిమాట: పరామర్శ

ఈ నెల ఆవకాయ, మాగాయ మొదలగు ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని లోగడ చెప్పియుంటిమి. సోదరీమణులు మన్నింతురు గాక. ఆ సంగతిని వచ్చు నెలకు వాయిదా వేయుచున్నాము. నడుమ మా వలన నొక తప్పు జరిగినది. అట్టి తప్పు మీలో పలువురును చేసియుందురని మా యనుమానము. కావున దాని నిచ్చట చెప్పుకొనుట మంచిదని తోచినది.

మేము ఉప్పల్‌లో కాపురమున్నాము. మా స్నేహితురాలొకతె నాచారములో నున్నది. నడుమ దూరమెంత? ఆటోలో పావుగంట, బండ్లు క్రిక్కిరిసిన వేళ మఱికొంత. ఆమె తల్లి రెండు నెలల క్రిందట కాలముచేసినది. ఆ వార్త ఉదయము ఫోనులో వచ్చినది. చదివి మేము కంట తడి పెట్టిన మాట నిజము. వెంటనే జోడించిన చేతుల బొమ్మ యొకటి పంపి, దాని క్రింద ఆత్మకు శాంతి కలుగుగాక యని వ్రాసితిమి. కొంత సేపటికి అటునుండియు నట్టి చేతుల బొమ్మయే వచ్చినది. పొయ్యి మీది పాలు పొంగకమునుపే పరామర్శ ముగిసినది. పదియవనాడు పోవుదమనుకొంటిమి, ఆనాడు మా ఇంట చుట్టములు. ఆ పిమ్మట, పంపవలసినది పంపితిమి గదా యను ధైర్యముతో మఱచియే పోయితిమి.

మొన్న ఉప్పల్‌లో కూరల బండి యొద్ద ఆమె ఎదురుపడినది. మాకు ముఖము చెల్లలేదు. ఏమియు తోచక, మేము పంపినది చేరినదా యని అడిగితిమి. అడుగరాని ప్రశ్న!

"చేరినది అక్కా. నూటికి పైగా వచ్చినవి. అన్నిటిలోను అవే చేతులు. ఎవరెవరు పంపిరో ఇప్పుడు చెప్పలేను" అని ఆమె వంకాయలు ఏరుచు పలికినది. అందులో నిష్ఠురము లేదు. ఉండినను బాగుండెడిది.

మఱునాడే నాచారము పోయితిమి. ఆమె టీ ఇచ్చి, పిల్లల చదువులు, నీళ్ళ ట్యాంకరు ధర మాటలాడినది. తల్లి ఊసెత్తలేదు. మేమే, అమ్మ ఎట్లు పోయినదమ్మా యని అడిగితిమి. కొంత తడవు నేల చూచి ఆమె చెప్పినది ఇది:

"అన్నయ్య అమెరికాలో నున్నాడు గదా. ఆయన వచ్చు వఱకు ఉంచుటకు వీలుపడలేదు. ఫోనులో చూపుమన్నాడు. అమ్మకు స్నానము చేయించునది మొదలు, ఇంటినుండి కదిలించు వఱకు నేనే ఫోను పట్టుకొన్నాను. చేయి వణకిన ఆయనకు కనబడదు గదా. అందుచేత చేయి వణకకుండ చూచుకొన్నాను. అమ్మ ముఖము కడసారి నేనును ఆ అద్దములోనే చూచినాను అక్కా. అప్పుడు ఏడ్పు రాలేదు. ఇప్పటికిని రాలేదు. నాకసలు దుఃఖమే లేదేమోయని భయముగా నున్నది."

మేము బదులు చెప్పలేదు. ఏమి చెప్పవలెనో తెలియదు. ఊఁ కొట్టుచు కూర్చుంటిమి. ఆమె తల్లి నాచారము పారిశ్రామికవాడలో ఏండ్ల తరబడి మందుల పొట్లములు కట్టు పనికి పోయినదట. ఉదయము నాలుగింటికి లేచి వండి, స్టీలు డబ్బాలో అన్నము సర్ది, అంచున ఆవకాయ ముక్క పెట్టి మూత నొక్కునట. ఆ మూత టప్పున పడు చప్పుడుతో పిల్లలకు మెలకువ వచ్చునట. ఆ చప్పుడు చెప్పబోయి ఆమె ఆగిపోయినది. గొంతు పూడినది. రెండు నెలలుగా రాని ఏడ్పు అప్పుడు వచ్చినది. మేము ఆమె వీపు నిమురుచు కూర్చుంటిమి.

చావు జరిగిన ఇంటికి పోయినవారు తిరిగి వచ్చునప్పుడు "పోయి వత్తు"మని చెప్పరు. ఊరక లేచి పోవుదురు. మేమును అట్లే లేచితిమి. ఆమె గుమ్మము వఱకు వచ్చి, ఆచారము సంగతి మఱచి, "మరల రండి అక్కా" అన్నది.

మేము ఫోనును దూషింపబూనలేదు. అది లేనిచో ఆ కొడుకు తల్లిని కడసారి చూచియే యుండడు. 2020లో ఇండ్ల తలుపులు మూసికొని కూర్చున్న దినములలో ఎందఱు తల్లులు దాని వలననే బిడ్డల గొంతు వినిరి! వెనుకటి కాలమంతయు బంగారమనుటయు సరి కాదు. చదువురాని తల్లి అత్తవారింటనున్న కూతురికి జాబు వ్రాయవలసినచో పరుల చేత వ్రాయింపవలెను. అచ్చట దానిని మఱియొకరు చదివి వినిపింపవలెను. కడుపులోని మాట కడుపులోనే నిలిచిపోవుచుండెను. నేడు ఆ తల్లి ఎవరి సాయమును లేక తన బిడ్డతో తానే మాటలాడుచున్నది. ఇది ఆడువారికి కలిగిన గొప్ప మేలు.

అయితే భేదమెక్కడ? తంతి యుండిన దినములను తలచుకొనుడు. మన దేశమున 2013 జూలైలో ఆ సేవ నిలిపివేయబడినది. తంతివాడు వాకిట నిలిచిన వీధి వీధియంతయు గుండె పట్టుకొనెడిది. తంతి వార్తను మాత్రము తెచ్చెడిది. దానిని చదివినవారు మూట కట్టుకొని బయలుదేరెడివారు. తంతి యిచ్చి పరామర్శ యైపోయినదని తలచినవారు అరుదు. నేడు వార్తయు, దుఃఖమును, ఓదార్పును ఒక్క వ్రేలితోనే ముగియుచున్నవి. బయలుదేరు పని తప్పిపోయినది.

ఇంకొక నష్టము దీనికంటె లోతైనది. మన మనసులో నేమున్నదో మనకే ఎల్లప్పుడు తెలియదు. ఎదుట నొకరు కూర్చుండి, "ఊఁ, పిమ్మట?" అనిననే గాని తెలిసిరాదు. మా స్నేహితురాలికి దుఃఖము లేక కాదు. దానిని తానే వినుటకు తీరిక దొరకలేదు.

ఆ సాయంకాలము హబ్సిగూడ స్టేషనులో మెట్రో రైలెక్కి ఇల్లు చేరబోయితిమి. నాగోలు నుండి ఈ రైలు 2017 నవంబరులో నడక సాగించినది. ఆడువారి పెట్టెలో అందఱును తలలు వంచి ఫోనులే చూచుచుండిరి. మా చేయియు సంచిలోనికి పోయినది. అంతలో ఎన్‌జీఆర్‌ఐ స్టేషను వచ్చినది. 1961లో స్థాపింపబడిన భూభౌతిక పరిశోధన సంస్థ పేరు మీద వెలసిన స్టేషనది. భూమి అయస్కాంతశక్తిలో కలుగు అతి స్వల్పమైన మార్పులను కనిపెట్టుటకు ఆ సంస్థవారు 1964లో ఇచ్చట పరిశీలనశాల నెలకొల్పిరి. ఆ పరికరములు మిక్కిలి సున్నితమైనవి. చేరువను ఇనుము కదలినను, విద్యుత్తు పాఱినను, భూమి పలుకుతో ఆ సందడియు కలిసిపోవును. ఊరు పెరిగి సందడి ముదిరినది. అందుచేత విజయవాడ మార్గమున, నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరముననున్న చౌటుప్పలులో వారు మఱియొక పరిశీలనశాల నేర్పఱచుకొనిరి. ఊరి సందడిని మాన్పలేరు గదా. వినుటకు తగిన చోటును వారే వెదకికొనిరి.

ఇల్లు చేరి, ఫోనును బీరువాలో పెట్టి, పెరటి మెట్టు మీద పావుగంట ఊరక కూర్చుందమనుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, మొదటినాడు ఐదు నిమిషములు గడచుట కష్టమైనది. చేయి దానికదియే వెదకినది. రెండవనాడు అయిదేండ్ల క్రిందట మేము పలుకు మానుకొన్న తోడికోడలు తలపునకు వచ్చినది. ఆమెతో మాట మానుకొన్నందులకు మాకు ఇంత బాధ యున్నదని అంతవఱకు మేమెఱుగము.

సోదరీమణులకు మా మనవి మూడు మాటలు. చావు, పురుడు, జబ్బు: ఈ మూడింటికి బొమ్మ పంపి ఊరకుండవలదు. దగ్గఱనున్నవారు పోవలెను, దూరముననున్నవారు గొంతు వినిపింపవలెను. అదియు కుదరనిచో, పోయినవారిని గూర్చి తమకు జ్ఞాపకమున్న సంగతి యొక్కటియైనను స్వయముగా వ్రాయవలెను.

రెండవది. దూరపు బంధువులకు శుభాశుభములు చూపవలసివచ్చినప్పుడు ఆ ఫోనును తల్లి పోయిన కూతురి చేతికి ఇయ్యకుడు. పెండ్లికూతురి తల్లి చేతికిని వలదు. పొరుగువారెవరైనను పట్టుకొనవచ్చును, లేదా స్టూలు మీద నిలబెట్టవచ్చును. ఆ గడియలో ఆమె చేతులు ఆమెకు కావలెను.

మూడవది. దీపము పెట్టు వేళ పావుగంట ఫోనును గూటిలో నుంచి, ఇంటిలో నెవరైనను మాటలాడిన వినుడు. ఎవరును లేనిచో మీ మనసును వినుడు. మనమందఱము చౌటుప్పలు పోనక్కఱలేదు. పెరటి మెట్టు చాలును.

మా స్నేహితురాలి యింటికి మరల పోనున్నాము. ఆమె తల్లి కలిపెడి ఆవకాయ కొలత ఎచ్చటను వ్రాసిలేదట. ఆమె చేతులకే తెలియునట. ప్రక్కన కూర్చుండి చెప్పించుకొని, వచ్చు నెల ఈ పుటలో తప్పక వ్రాసెదము.