తాత రివాల్వర్: పేలిస్తే ముప్పు, దాస్తే తప్పు

పాత పెట్టెలోంచి తాతగారి రివాల్వర్ బయటపడితే ఇంట్లో రెండే ప్రశ్నలు లేస్తాయి. ఎంత పలుకుతుంది? ఇంకా పేలుతుందా? నిజానికి ముందు అడగాల్సింది ఈ రెండూ కాదు. దానికి కాగితాలున్నాయా అన్నది.

బళ్లారి ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు మరీ ఎక్కువ. 1953 అక్టోబరు 1 దాకా ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోగా బళ్లారి మైసూరులో కలిసింది. తాత పేరిట లైసెన్సు ఉన్నా అది మద్రాసు నాటిది. మనవడు వెళ్లాల్సింది మాత్రం కన్నడంలో నడిచే డీసీ ఆఫీసుకు. 'ఎందుకొచ్చిన గొడవ, అటక మీదే పడి ఉండనీ' అని పెద్దలు అనుకునేది ఇందుకే.

అలా పడి ఉండనివ్వడమే తప్పు. 'పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు' అన్న మాట ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. అయితే అది మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకు మాత్రమే. బాగుచేస్తే పేలేదయితే నూరేళ్లు దాటినా అది ఆయుధమే. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. పైగా 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ మార్క్ 6 లాంటివి .455 తూటా కాలుస్తాయి. ఈ బోరును మామూలు రివాల్వర్ల కేటగిరీలో పెట్టలేదు. జనం 'ప్రొహిబిటెడ్ బోర్' అనేది దీన్నే.

ఇక పేల్చే ముచ్చట. పెళ్లికో పండక్కో 'ఒక్క రౌండు, ఏం కాదులే' అనే కుర్రాళ్లకు తెలియాల్సింది చాలా ఉంది. రివాల్వర్‌లో సిలిండర్ తిరిగి ప్రతి గది బ్యారెల్‌కు సూటిగా వచ్చి ఆగాలి. లోపలి భాగాలు అరిగితే వెంట్రుకవాసి పక్కకు ఆగుతుంది. అప్పుడు గుండు బ్యారెల్ అంచును గీసుకుంటుంది, సీసం తునకలు పక్కవాళ్ల మొహాన పడతాయి. సిలిండర్‌లో సన్నటి పగులుంటే కంటికి కనబడదు. పాత తూటా సగం మందే కాలిస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనక మరొకటి పేలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు.

మందు సంగతి వేరే ఉంది. పందొమ్మిదో శతాబ్దపు రివాల్వర్లు చాలావరకు నల్లమందుకు చేసినవి. పొగరాని మందు పుట్టించే ఒత్తిడికి అవి తట్టుకోలేవు. అమెరికాలో అమ్ముడైన వెబ్లీలను ఎన్నింటినో సిలిండర్ అరగదీసి .45 ఏసీపీ తూటాలకు మార్చారు. అసలు తూటా ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 13,000 పౌండ్లయితే, ఏసీపీది 21,000 దాకా పోతుంది. తూటా గదిలో పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. దీన్ని తేల్చాల్సింది ఆర్మరర్ చేయి, కన్ను. మేనమామ ధైర్యం కాదు.

విలువ మాటకొస్తే, కొనేవాడు చూసేది మెరుపు కాదు. అసలు రంగు, భాగాల మీద కలిసే నంబర్లు, తయారీ ముద్రలు, పాత తోలు ఒర, అన్నింటికీ మించి లైసెన్సు కాగితం. ఉప్పుకాగితంతో రుద్దారంటే, నికెల్ పూత వేయించారంటే ఆ విలువ పోయినట్టే. విదేశాల్లో లక్షలు పలుకుతుందన్న ఆశా వద్దు. నూరేళ్లు దాటిన వస్తువును సొంతంగా దేశం దాటించడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధించింది. కాగితం లేని రివాల్వర్‌కు చట్టం లోపల ధరే లేదు.

మరి దారేది? చట్టంలోనే ఉంది. 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. తర్వాత తమ పేర లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదంటే అర్హులకు అమ్ముకోవచ్చు. ఒకరికి రెండు ఆయుధాలే అన్న 2019 పరిమితి వారసత్వానికీ వర్తిస్తుంది. చిక్కల్లా ఆ 'ఆలస్యం చేయకుండా' దగ్గరే. ముప్పై, నలభై ఏళ్లు ఆలస్యమైనవాడు స్టేషన్ మెట్లెక్కితే తనను దొంగగా చూస్తారేమోనని జంకుతాడు. జంకి దాస్తాడు. దాచింది ఒకరోజు పిల్లల చేతికి చిక్కుతుంది.

సరిహద్దు జిల్లాల అధికారులు ఈ జంకు తీర్చాలి. తనంతట తాను తెచ్చి అప్పగించినవాడిని నేరస్తుడిగా కాక వారసుడిగా చూస్తామని కన్నడంతోపాటు తెలుగులోనూ నోటీసు వేయాలి. ఈ సందున దొంగ తుపాకులు దొరల తుపాకులవుతాయన్న పోలీసుల అనుమానం కొట్టిపారేసేది కాదు. అందుకే నంబరును పాత లైసెన్సు రికార్డుతో సరిచూసిన తర్వాతే వారసత్వం ఒప్పుకోవాలి. సరిపోలనిది ప్రభుత్వానికే పోవాలి. ఆర్మరర్ పరీక్ష కూడా అక్కడే జరిపించాలి.

ఇళ్లలోనూ కొంత జాగ్రత్త కావాలి. పెట్టెలో రివాల్వర్ కనబడితే ట్రిగ్గర్ ముట్టొద్దు, గొట్టం మనిషి వైపు తిప్పొద్దు. తుప్పుపట్టి బిగుసుకుపోతే బలవంతంగా తెరవొద్దు, గుళ్లు ఉన్నాయనే అనుకోవాలి. దాన్ని చేత్తో మోసుకుపోవద్దు, స్టేషన్‌కు కబురు చేయాలి. తాత జ్ఞాపకం నిలవాలంటే అది పేలనక్కర్లేదు. పద్దులోకి ఎక్కితే చాలు.