వయసు ఒకటే, బలం ఒకటి కాదు

“మా తాతలు ఎనభై ఏళ్లకూ పొలం వెళ్లేవారు, ఇప్పటివాళ్లకు అరవైకే మోకాళ్లు పట్టేస్తున్నాయి” అనే మాట మన సంఘాల్లో తరచు వినబడుతుంది. ఇది సగం నిజం మాత్రమే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఎందరో పసితనంలోనే, కాన్పుల్లో, అంటురోగాల్లో చనిపోయారు. ఎనభై చూసినవారు గట్టివారిలోకెల్లా గట్టివారు. మనకు గుర్తున్నది వారే. నేడు ఆయుర్దాయం 70 ఏళ్లకు చేరింది. అప్పుడైతే బ్రతకనివారు కూడా ఇప్పుడు వృద్ధాప్యం చూస్తున్నారు. ఇది దేవుని కృప, మనకు బాధ్యత కూడా.

వృద్ధాప్యంలోని ఈ బలహీనతను వైద్యులు ఫ్రెయిల్టీ అంటారు. అది వయసుకు మరో పేరు కాదు. 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, విడవని అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం. వీటిలో మూడు కనబడితే జాగ్రత్తపడాలి. అలాంటివారిని చిన్న జ్వరమైనా, ఒక్కసారి జారిపడటమైనా మంచం పట్టించవచ్చు.

తరం మారితే ఇది తగ్గుతుందా? ఫిన్లాండ్‌లో 1989-90 నాటి 75, 80 ఏళ్లవారిని, 2017-18లో అవే వయసులవారితో పోల్చారు. నడకలో, చేతి పట్టులో తర్వాతి తరమే మెరుగ్గా ఉంది. ఇంగ్లాండ్‌లో 2002 నుండి యాభై దాటినవారిని పరిశీలిస్తున్నారు. అక్కడ పేదలలో తర్వాత పుట్టినవారు, అదే వయసులో ముందు తరంకంటే బలహీనంగా కనబడ్డారు. సంపన్నులలో అలా జరగలేదు. ఆయుష్షు పెరిగినంత మాత్రాన అందరికీ బలం పెరగదని దీని అర్థం.

ఈ తేడా ముసలితనంలో పుట్టేది కాదు. చిన్ననాటి ఆకలి, అందని చదువు, ఏళ్ల తరబడి చేసిన కూలి, చూపించుకోని బీపీ, షుగర్ అన్నీ కలిసి అరవై దాటాక ఒంట్లో బయటపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. అయితే ఆ డబ్బు మనవల ఫీజుకో, అప్పు వడ్డీకో పోతే అవ్వ కంచంలోకి గుడ్డు రాదు.

బలహీనత తిరుగులేని తీర్పు కాదు. 1994లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, వృద్ధుల సంరక్షణ గృహంలో ఉన్న సగటున 87 ఏళ్లవారికి పది వారాలు బరువులతో వ్యాయామం చేయించారు. వారి కండరాల బలం రెట్టింపుకు మించి పెరిగింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రోజూ కాస్త నడక, పప్పు, గుడ్డు, పాలు, డాక్టరు సలహాతో మందుల సరిచూపు, మాట్లాడే మనిషి: వీటిలో చాలావరకు మన చేతుల్లో ఉన్నవే.

ఆదిమ సంఘంలో వచ్చిన తొలి వివాదాల్లో ఒకటి విధవరాండ్ర భోజనం గురించే. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని తోసివేయలేదు, పని అప్పగించి ఏడుగురిని నియమించారు. మన సంఘాల్లో ఆ పని ఎవరిది? మూడు ఆదివారాలుగా ఎవరి స్థలం ఖాళీగా ఉంది? ఎవరి రవికె వదులైంది? ఎవరు గోడ పట్టుకొని నడుస్తున్నారు? పెద్దల పేర్లు రాసుకొని ఈ వారమే ఇద్దరిద్దరుగా వారి ఇళ్లకు వెళ్దాం. ప్రార్థన చేద్దాం. ఏం తిన్నారో కూడా అడుగుదాం.