వియన్నాలో వదినతో ఒక మధ్యాన్నం బువ్వ

రెండు నెలల నుంచి నా రాత రాలేదు. బిడ్డ పురుటికని ఆస్ట్రియా దేశం పోయి ఉంటిని. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా మంచిగున్నరు. షోలాపూర్ వచ్చిన కాడి నుంచి సాఖర్ పేటల కనపడ్డోళ్ళందరు "ఏం చూసినవు, ఏం తిన్నవు" అనే అడుగుతున్నరు. రాజుల మహళ్ళు, పెద్ద పెద్ద చర్చిలు ఫోన్ల మీరు కూడ చూడొచ్చు. అందుకే ఈ నెల ఒక పూట తిండి సంగతి రాస్తున్న.

వియన్నా పట్నంల మా వైండింగ్ ఖాతా వదిన ఒకామె ఉన్నది. పదకొండేండ్లు ఒక్క పాళీల పక్కపక్క నిలబడి బాబిన్లు చుట్టినోళ్ళం. మిల్లు మూతపడ్డంక ఇద్దరం ఒక్క అరుగు మీద కూర్చొని బీడీలు చేసినం. ఆరేండ్ల కింద కొడుకు ఆమెను అక్కడికి తీస్కపోయిండు. ఇప్పుడు బజారుకు సరిపోయేంత జర్మన్ భాష ఆమెకు వస్తది. "పిల్లను మీ అల్లుడు చూస్కుంటడు గని, ఒక్క పూట నాతోటి రా వదినా. ఇక్కడి పనోళ్ళు తినే కాడ తినిపిస్త" అని పిలిచింది.

మేం పోయింది ఫావొరిటెన్ అనే పేట. ఆ ఊర్ల అది 10వ వార్డు, పెద్ద రైల్వే స్టేషన్ పక్కనే. మొదటి నుంచి పనోళ్ళు ఉండే జాగ. నడుమ ఒక కూరగాయల మార్కెట్ ఉన్నది, దాని పేరు విక్టర్ ఆడ్లర్ మార్కెట్. తుర్కులు, సెర్బియా వాళ్ళు బండ్లు పెట్టుకొని అరిచి అమ్ముతుంటరు. నాకైతే మన అశోక్ చౌక్ యాదికొచ్చింది.

ఆ దగ్గరనే ఒక చిన్న హోటల్. అసొంటి హోటళ్ళను అక్కడ బైస్ల్ అంటరు. చెక్క గోడలు, చెక్క బెంచీలు, బయట నల్ల పలక మీద ఆ రోజు భోజనం సుద్దతో రాసి ఉంటది. ఒక సూపు, ఒక వంటకం, దానికొక ధర. ఇద్దరికి కలిపి 22 యూరోలు అయినయి, మన లెక్కల రెండు వేల పైన. మధ్యాన్నం పూట లోపలికి వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు ఒకరికొకరు "మాల్‌త్సైట్" అనుకుంటున్నరు. "అంటే ఏంది వదినా?" అంటే, "బువ్వ యాళ్ళ అని. మనం తిన్నవా అని పలకరిస్తం కద, గట్లనే" అన్నది.

ఆ దేశంల పేరున్న వంటకం ష్నిట్సెల్. మాంసం ముక్కను పల్చగ కొట్టి, పిండి, గుడ్డు, రొట్టె పొడి పట్టించి వేపుతరు. వియన్నా ష్నిట్సెల్ అని రాసిన్రంటే అది లేగదూడ మాంసం. పందిది అయితే ఆ మాట వేరే రాయాలని అక్కడ రూలు. చాన సూపులు కూడ ఎద్దుమాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తరు. మనోళ్ళు ఎవరన్న అటు పోతే అడిగి తినండి. వదిన మా ఇద్దరికి ఎల్లిగడ్డ సూపు, పుట్టగొడుగుల కూర, దాంట్లకు క్నోడెల్ చెప్పింది.

క్నోడెల్ అంటే నిమ్మకాయ కంటె పెద్దగ, నారింజ అంత ఉండ. నిన్నటి ఎండిన బ్రెడ్డు ముక్కలు కోసి, పాలు, గుడ్డు, వేపిన ఉల్లిగడ్డ, కొత్తిమీర అసొంటి ఆకు కలిపి ఉండ చేసి నీళ్ళల్ల ఉడికిస్తరు. నాకు నచ్చింది. కారం లేదు గని కడుపు నిండుతది. మిగిలిన రొట్టె పారెయ్యకుండ చేసుకునే వంట అది. మనం రాత్రి జొన్నరొట్టెలు మిగిలితే పొద్దున తుంపి పోపు పెడ్తం కద. బీదోళ్ళ వంటిల్లు ఏ దేశంలనైన ఒక్కటే తీరు ఆలోచిస్తది.

తినుకుంట వదిన ఆ పేట కథ చెప్పింది. కోడలు ఆమెకు చెప్పిందట. వియన్నాల కనపడే పెద్ద పెద్ద బంగ్లాలకు ఇటుకలు కాల్చింది ఆ పక్కనున్న వీనర్‌బెర్గ్ అనే గుట్ట కాడ. కాల్చినోళ్ళు ఆ ఊరోళ్ళు కాదు. బొహేమియా, మొరావియా నుంచి బతకొచ్చిన చెక్ వాళ్ళు. మన తాతలు కరీంనగర్, నల్లగొండ దిక్కు నుంచి మూట కట్టుకొని మిల్లులకు వచ్చినట్టే. వాళ్ళకు కూలి పైసలల్ల ఇయ్యకపోయేది. రేకు బిళ్ళలు ఇచ్చేటోళ్ళు. ఆ బిళ్ళలు ఇటుక బట్టీ కాంటీన్‌లనే చెల్లుతయి. అక్కడ తిండి పిరం, పైగ చెడ్డది. 1888ల విక్టర్ ఆడ్లర్ అనే డాక్టరు దొంగచాటుగ లోపలికి పోయి చూసి, ఇదంత తన పేపర్ల రాసి బయటపెట్టిండు. మార్కెట్‌కు ఉన్న పేరు ఆయనదే.

చెక్ ఆడోళ్ళు చాన మంది ఉన్నోళ్ళ ఇండ్లల్ల వంటకు కుదిరినరు. వాళ్ళ చేతి వంటనే మెల్లమెల్లగ వియన్నా వంట అయ్యింది. ఆఖరుకు మాకు బుఖ్టెల్న్ అని మెత్తటి తీపి బన్నులు పెట్టిన్రు, లోపల రేగుపండ్ల తీరు ఉండే ప్లమ్ పండ్ల ముద్ద. ఆ ముద్ద పేరు పోవిడ్ల్. బన్ను పేరు, ముద్ద పేరు రెండూ చెక్ మాటలే.

హోటల్ బోర్డు మీది పేరు కూడ చెక్ పేరే అని వదిన చూపించింది. గల్లా మీద డెబ్బై ఏండ్ల పెద్దమనిషి కూర్చున్నడు. పైసలు కట్టేటప్పుడు వదిన ఆయనను అడిగింది, మీకు చెక్ భాష వస్తదా అని. ఆయన నవ్వి ఏదో చెప్పిండు. బయటికి వచ్చినంక వదిన నాకు తెలుగుల చెప్పింది: "తాత ఇటుకల పనికి వచ్చిండట. నాయినకు కొంచెం వచ్చేదట. ఈయనకు వంటల పేర్లు తప్ప ఒక్క ముక్క రాదట."

నాకు కొద్దిసేపు మాట రాలేదు. 1900 జనాభా లెక్కలల్ల వియన్నాల లక్ష మందికి పైగా మా మాట చెక్ అని రాయించుకున్నరట. అంత మంది మాట ఏడికి పోయింది? మొదటి ప్రపంచ యుద్ధం అయినంక చాన మంది వాపస్ పోయిన్రు. అంతకు ముందు సర్కారు కూడ నెట్టింది. ఆ ఊరి హక్కులు కావాలంటే ఊరి జర్మన్ తనం కాపాడుతం అని ఒట్టు పెట్టాలె. ఉన్నోళ్ళు పిల్లలు వెనుకబడొద్దని ఇంట్ల కూడ జర్మన్ మాట్లాడిన్రు. అయితే అందరు వదల్లేదు. 1872ల కొంత మంది కొమెన్స్కీ పేరు మీద సంఘం పెట్టి తమ భాష బడులు నడిపిన్రు. ఆ బడి ఇయ్యాల్టికీ ఉన్నది. అక్కడ చదివిన పిల్లలకు మాట ఉన్నది.

వదిన అన్నది: "నా మనవడు పచ్చిపులుసు గిలాసల పోసుకొని తాగుతడు వదినా. తాగి సావర్ అంటడు. పుల్లగున్నది అనుడు రాదు." నాకు ఇంటికాడి మనవడు యాదికొచ్చిండు. వాడు షోలాపూర్లనే పుట్టిండు, ఇంట్ల నలుగురు తెలుగోళ్ళం. అయినా పచ్చిపులుసు తాగి "ఆజీ, ఆంబట్ ఆహే" అంటడు. వియన్నా దూరం అనుకుంటిని గని, మన ఇంట్ల కూడ అదే నడుస్తున్నది.

మరాఠీ తప్పని నేను అంటలేను. మనకు అన్నం పెట్టిన నేల మాట అది. పిల్లలకు అది బాగ రావాలె, ఇంగ్లీషు కూడ రావాలె. అయితే ఇంటి మాటను కూడ మనమే నిలబెట్టాలె. మన దగ్గర నారళీ పున్నానికి మార్కండేయుని రథం గుంజేటోళ్ళు వేల మంది ఉంటరు. వాళ్ళల్ల ఇంట్ల పిల్లలతోటి తెలుగు మాట్లాడేటోళ్ళు ఎందరో ఎవరికి వాళ్ళు లెక్క చూసుకోండి.

నేనైతే వచ్చిన వారం నుంచి ఒక పని పెట్టుకున్న. మనవడు అన్నం కాడ ఏది కావాల్నన్న తెలుగుల అడిగితేనే వడ్డిస్త. ఉప్పు, పులుపు, చేదు, వగరు, కొంచెం, ఇంకొంచెం. తిట్టుడు లేదు, కొట్టుడు లేదు. మొదటి రెండు రోజులు అలిగిండు. ఇప్పుడు "నానమ్మా, షేంగా చట్నీ ఇంకొంచెం ఎయ్యి" అంటున్నడు. షేంగా మాట మరాఠీదే, ఉండనియ్యండి.

మీ ఇంట్ల పెద్దోళ్ళు వాడే వంట మాటలు, ఇప్పటి పిల్లలకు తెల్వనివి, పదో ఇరవయ్యో కాగితం మీద రాసి పత్రికకు పంపండి. వచ్చే నెల ఇక్కడనే అచ్చేస్తం. రాయరాకపోతే మనవలతోటి రాయించండి, అట్లనన్న వాళ్ళ చేతికి అచ్చరాలు వస్తయి.