పాత గుమ్మానికి అదే వంపు కావాలంటే?

ఇన్‌స్టాలో టేబుల్ సా రీల్స్ చూసే ఉంటారు. చెక్క ఇటు నుంచి అటు పోతుంది, ముప్పై సెకన్లలో అందమైన బీడింగ్ బయటికొస్తుంది, కింద లక్ష లైకులు. మధ్యలో జరిగిన పనంతా ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. ఆ మిగతాది నేను ఈ నెల సీతమ్మధారలో దగ్గరుండి చూశాను.

మా పిన్ని వాళ్లది ఇక్కడ మిగిలిన పాత ఇళ్లలో ఒకటి. వీధి గుమ్మం టేకుది, చుట్టూ వంపులు తిరిగిన బీడింగ్. ఎడమవైపు కింద రెండడుగులు చెదలు తినేశాయి. షాపులన్నీ తిరిగాం. పీవీసీ ఉంది, ఎండీఎఫ్ ఉంది, సన్న టేకు పట్టీలూ ఉన్నాయి. ఈ వంపు మాత్రం లేదు. "మొత్తం పీకేసి కొత్తది వేసుకోండి" అనేవాళ్లే అందరూ. బాబాయి దగ్గరుండి చేయించిన గుమ్మం అది, పిన్ని ససేమిరా అంది. చివరికి ఒక వడ్రంగి మేస్త్రీ వచ్చి చూసి, "ఏటుందమ్మా ఇందులో, తీసిద్దాం" అన్నారు.

ముందు పాత బీడింగ్ నుంచి బిస్కెట్ మందాన ఒక ముక్క కోశారు. దాన్ని కొత్త టేకు చెక్క చివర ఆనించి చుట్టూ పెన్సిల్‌తో గీశారు. ఇక కొలతలతో పనిలేదు, ఆ గీతే కొలత. అందులో ఒక మెట్టు, ఒక గుండ్రం, మధ్యలో కాలవలాంటి లోగుంత ఉన్నాయి.

ఆ లోగుంత తీయడమే అసలు తమాషా. బ్లేడు గుండ్రంగా ఉంటుంది కదా. చెక్కని దానికి సూటిగా తోస్తే సన్న గాడి పడుతుంది, అంతే. అదే చెక్కని ఐమూలగా, అంటే బ్లేడుకి వాలుగా తోస్తే, పళ్లు పక్కవాటుగా గీరుతూ గుంత తవ్వుతాయి. వాలు పెంచితే గుంత వెడల్పవుతుంది, బ్లేడు ఎత్తితే లోతవుతుంది. రంపంతో గుండ్రం కోయొచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు. మేస్త్రీ బల్ల మీద ఒక నిటారు కర్రని ఐమూలగా క్లాంపులతో బిగించి, చెక్కని దాని వెంబడే నడిపించారు. ఒకేసారి లోతుగా కాదు. ఒక్కో మిల్లీమీటరు బ్లేడు పైకి, ఒక్కోసారి తోయడం, మళ్లీ పైకి. చివరిసారి మరీ నెమ్మదిగా.

చెక్క చదరంగా, బరువుగా ఉన్నప్పుడే గుంత పని అవ్వాలట. మెట్టు తర్వాత. గుండ్రానికి బ్లేడుని వంచి మూలలు చెక్కి, మిగిలింది చిత్రికతో, గాజు పెంకుతో గీకి సాపు చేశారు. ఇదంతా వెడల్పు చెక్క అంచునే చేసి, బీడింగ్‌ని ఆఖర్న చీల్చారు. సన్న పట్టీ అయితే వేళ్లు బ్లేడు దగ్గరికి పోతాయి మరి.

వేళ్ల సంగతికొస్తే, మేస్త్రీ ఎడమ చూపుడు వేలు సగమే ఉంది. చాలాచోట్ల మనవాళ్లు మార్బుల్ కట్టర్‌ని ప్లైవుడ్ కింద తిరగేసి బిగించి అదే టేబుల్ సా అంటారు. గార్డు ఉండదు, బ్లేడు వెనక చెక్క బిగుసుకోకుండా ఆపే రేకూ ఉండదు. ఆయన వేలు అలాంటి దాని మీదే పోయింది. ఇప్పుడు మంచి మెషిన్ కొన్నారు. కానీ ఐమూల కోతకి దాని గార్డూ రేకూ కూడా తీసేయాల్సిందే, లేకపోతే చెక్క వాటికి తగులుతుంది. అందుకే రీల్ చూసి మీరు చేయకూడని పనుల్లో ఇది మొదటిదని నేనంటాను. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పళ్లు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. గ్లౌజులు వేసుకుంటే ఇంకా ప్రమాదం, దారం చిక్కితే చెయ్యి కూడా పోతుంది. ముక్కుకి మాస్కు మాత్రం తప్పనిసరి. కర్ర పొడి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది.

టీ తాగుతూ సాస్టాప్ గురించి చెప్పాను. స్టీఫెన్ గాస్ అనే అమెరికన్‌కి 1999లో వచ్చిన ఆలోచన అది. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ఉంటుంది. చర్మం తగిలితే అది మారుతుంది, వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ పళ్లలోకి దూసుకెళ్లి 5 మిల్లీసెకన్లలో బ్లేడుని ఆపేస్తుంది. వేలికి చిన్న గాటు పడుతుందేమో, అంతే. బ్లేడూ దిమ్మా మాత్రం పారేయాలి.

"ఎంతవుద్ది బాబూ?" అన్నారు.

పెద్ద మోడళ్లు మన డబ్బుల్లో లక్షలు అన్నాను. ఆయన నవ్వి, "మావోడికి చెప్పు, ఆడే ఇక ఈ పనిలోకి వచ్చేది" అన్నారు. వాళ్లబ్బాయి ఇంటర్ అయిపోయి, ఈ వేసవి నుంచి నాన్నతో వస్తున్నాడు. పక్కనే నిలబడి తోసే కర్రకి కొత్త పిడి చెక్కుతున్నాడు. ఆ సాస్టాప్ వీడియో వాడికి పంపాను.