బేస్ గిటారుకు మెరిసే మైకు ఎందుకు?

మా బడి పాటల గుంపు దగ్గర ఇప్పుడు 6,400 రూపాయలు ఉన్నాయి. పాత పేపర్లు అమ్మి కొంత, ఇండ్లలో తలా యాభై, వంద అడిగి కొంత కూడబెట్టినాము. ఈ డబ్బుతో వార్షికోత్సవం పాట రికార్డు చేయాలి. పాటలో తబలా ఉంది, కీబోర్డు ఉంది, బేస్ గిటార్ ఉంది. బేస్ వాయించేది నేనే. కాబట్టి నేను రాసేదాంట్లో నా స్వార్థం లేదని చెప్పను.

పోయిన వారం మీటింగులో ఈ డబ్బంతా పెట్టి ఒక పెద్ద కండెన్సర్ మైకు కొనాలని చాలామంది చేతులెత్తినారు. బంగారు రంగు జాలీ, మడత స్టాండు, కింద నీలం లైటు. ఫొటో చూపిస్తానే అందరికీ నచ్చింది. నేను బేస్ సంగతేమిటి అని అడిగితే ఒక అంకుల్ నవ్వి, "బేస్ ఎవరికి వినబడుతుంది నాయనా? ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నారు. ఆ అంకుల్ అంటే నాకు గౌరవమే. కానీ ఈ రెండు మాటలూ తప్పు.

ముందు అంకుల్ మాట. ఇళయరాజా సంగీతం చేసిన ‘గీతాంజలి’ (1989) పాటలు ఒకసారి మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. గొంతు కింద ఇంకొక పాట నడుస్తా ఉంటుంది. అదే బేస్. దాన్ని తీసేస్తే పాట పునాది లేని ఇల్లు మాదిరి ఊగుతుంది. వినబడదు అనేవాళ్లు ఫోను స్పీకరులో విని చెప్తా ఉండారు, అంతే.

ఇంక మైకు సంగతి. కండెన్సర్ మైకు చెడ్డదని నేను అనడం లేదు. నిశ్శబ్దంగా ఉండే గదిలో గొంతుకు అది చాలా బాగుంటుంది. కాగితం మీద చూస్తే బేస్‌కు కూడా అదే బాగున్నట్టు ఉంటుంది. చాలా కండెన్సర్ మైకుల డబ్బా మీద 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అని రాసి ఉంటుంది. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు స్టేజి మైకు, అంటే డైనమిక్ మైకు, చాలావరకు 50 హెర్ట్జ్ నుంచే మొదలు. రెండు వేల చుట్టుపక్కల దొరికే బెహ్రింగర్ ఎక్స్‌ఎమ్8500 అట్లాంటిదే. ఇది చూసి ‘అయితే బేస్ పోయినట్టే కదా’ అనుకుంటారు.

పోదు. లావు తీగ మోగేటప్పుడు 41 ఒక్కటే రాదు. దాని రెట్టింపు 82, మూడింతలు 123, ఇట్లా పైకి పోతానే ఉంటాయి. మన చెవి ఆ పై శబ్దాలు విని కిందిదాన్ని తనే పూరించుకుంటుంది. ఇంకోటి, 50 అని రాసినంత మాత్రాన దాని కింద గోడ కట్టినట్టు ఆగిపోదు, మెల్లగా తగ్గుతుంది. అదీగాక ఇట్లాంటి మైకును స్పీకరుకు బాగా దగ్గర పెడితే కింది శబ్దాలు పెరుగుతాయి. పాటగాళ్లు మైకును నోటికి ఆనించి పాడితే గొంతు బరువుగా వినబడేది ఇందుకే.

కండెన్సర్‌తో అసలు చిక్కు వేరే. అది అన్నీ వింటుంది. మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నిశ్శబ్దమైన గది ఎవరైనా చూపిస్తే నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను. వేసవి సెలవుల్లో మా మామ కొడుకు దగ్గర కండెన్సర్ మైకు అడిగి తెచ్చి, ఒక ఆదివారం మా ఇంట్లోనే బేస్ రికార్డు చేసినాను. రెండు నిమిషాల పాటలో పక్కింటి కుక్కర్ మూడు విజిళ్లు, నీళ్ల ట్యాంకర్ మోటారు, కింద వీధిలో కొత్తిమీర అమ్మే ఆయన కేక, మా అమ్మ "తిన్నావా లేదా" అని అడగడం, అన్నీ శుభ్రంగా పడినాయి. బేస్ మాత్రం బుర్రు బుర్రుమని మోగింది.

ఆ బుర్రు ఎందుకో తర్వాత తెలిసింది. 41 హెర్ట్జ్ అల ఒక్కటే ఎనిమిది మీటర్లు దాటి పొడవు ఉంటుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, దాన్ని 41తో భాగించి చూడండి. మా గది పదడుగుల గది. అంత పొడుగు అల గోడల మధ్య కొట్టుకుని ఒకచోట గుంపు కడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. కండెన్సర్‌ను గది మధ్యలో పెడితే అది నా బేస్‌ను కాదు, మా గదిని రికార్డు చేసింది.

అందుకే దగ్గర పెట్టుకునే డైనమిక్ మైకు కావాలంటున్నాను. ఆంప్లిఫయరును మూల నుంచి జరిపి, ఒక స్టూలు మీద పెట్టండి. మూలలో ఉంటే ఊరికే గుంయ్‌మంటుంది. మైకును జాలీకి రెండు వేళ్ల దూరంలో పెట్టండి. స్పీకరు నడిమధ్యకు చూపిస్తే వేళ్ల గీకుడు ఎక్కువ వినబడుతుంది, అంచు వైపు జరిపితే మెత్తగా వస్తుంది. ఒక బెత్తెడు జరిపి ఇంకొకసారి వినండి. ఈ జరపడానికి పైసా ఖర్చు లేదు. మైకు మార్చినదానికన్నా ఈ బెత్తెడే ఎక్కువ తేడా చూపిస్తుంది.

షూర్ ఎస్‌ఎమ్57 ఇంకా మంచిదే, 40 హెర్ట్జ్ నుంచి పలుకుతుంది, కానీ అది దాదాపు పది వేలు. బేస్ డ్రమ్ కోసమని అమ్మే మైకుల జోలికి మనం పోనే వద్దు.

పేరున్న వాళ్లు ఏం చేసినారో కూడా చూడండి. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గిటారును ఎక్కువగా నేరుగా రికార్డింగ్ యంత్రాల్లోకే కలిపేవారు. మైకే లేదు. 1966లో బీటిల్స్ ‘పేపర్‌బ్యాక్ రైటర్’ పాటకు లండన్ ఇంజనీర్లు ఒక పెద్ద స్పీకరునే మైకుగా వాడి బేస్ పట్టినారు. స్పీకరు, డైనమిక్ మైకు రెండింట్లోనూ ఉండేది అయస్కాంతం, తీగ చుట్టే. కరెంటు ఇస్తే కదులుతుంది, కదిలిస్తే కరెంటు ఇస్తుంది. సైన్సు పుస్తకాల్లో ఉండే పాఠమే ఇది.

మీటింగులో ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ మూడు పిన్నుల కండెన్సర్ మైకుకు 48 వోల్టుల కరెంటు కావాలి. ఫోను అది ఇవ్వదు, కంప్యూటర్ కూడా ఇవ్వదు. మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె ఉండాలి. డబ్బంతా మైకుకే పెడితే ఆ పెట్టె ఎవరు కొంటారు? మైకును మేజా మీద పెట్టి నీలం లైటు చూస్తా కూర్చోవాలి.

నేను, నాయన అంగళ్లలో తిరిగి అడిగినాము. బెహ్రింగర్ యూఎమ్2 అనే చిన్న ఇంటర్‌ఫేస్ ఐదు వేల చుట్టుపక్కల వస్తుంది. దానికి మైకు పెట్టే రంధ్రం ఒకటి, గిటారు నేరుగా పెట్టే రంధ్రం ఒకటి ఉన్నాయి. బేస్‌ను ఆ గిటారు రంధ్రంలోనే పెట్టాలి, మైకు రంధ్రంలో పెడితే శబ్దం పలచబడుతుంది. అట్లా పెడితే కుక్కర్ కూత రాదు, గది బుర్రు రాదు. అది పొడిగా ఉంది అనిపిస్తే ఆంప్లిఫయరు ముందు డైనమిక్ మైకు పెట్టి ఇంకొకసారి వాయిస్తాను. రెండూ కలుపుకోవచ్చు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం, బడి కంప్యూటర్‌లో నడుస్తుంది. మూడు పిన్నుల వైరు కొన్నా ఇంకా కొంత డబ్బు మిగులుతుంది. గొంతు కూడా అదే డైనమిక్ మైకులో పాడవచ్చు. మన ప్రార్థన రోజూ వినబడేది అట్లాంటి మైకులోనే కదా.

ఆ ప్రార్థన మైకు కొనాల్సిన పని కూడా లేదు. స్టాఫ్ రూము బీరువాలో, రెండో అరలో, గుడ్డలో చుట్టి ఉంది. తాళంచెవి పీఈటీ సార్ దగ్గర ఉంటుంది. శనివారం మళ్లీ మీటింగు ఉంది. చేతులెత్తే ముందు పది నిమిషాలు ఆ మైకు నాకిస్తే బేస్ వాయించి రికార్డు చేసి వినిపిస్తాను. అంకుల్ కూడా రావాలి. హెడ్‌ఫోన్ నేనే తెస్తాను.